తొమ్మిదో ఫ్రేము

ఆ వంతెన ఫొటో తెలియనివాళ్ళు ఊళ్ళో తక్కువ. మంచు కప్పేసిన చిన్న కాలినడక వంతెన, దాని కింద గడ్డకట్టిన నది, వెనక కొండ ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు. వంతెన బొమ్మకి మధ్యలో ఉండదు. ఎవరో పక్కకి జరిపి పెట్టినట్టు ఎడమ అంచున ఉంటుంది. మిగిలినదంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒకచోట, వంతెన కిందినుంచి దూరివచ్చిన ఎండ పలచని పట్టీలా మంచుగడ్డ మీద పరుచుకుని ఉంటుంది. ఇరవైమూడేళ్ళ కిందట ఒక బ్యాంకు వాళ్ళు దాన్ని కాలెండరు మీద అచ్చువేశారు. ఏడాది గడిచాక చాలామంది కాలెండరు చింపేసి బొమ్మ మాత్రం ఉంచుకున్నారు. పళ్ళ డాక్టరు గదిలోనూ, బస్ స్టేషన్లో టికెట్లిచ్చే కిటికీ పక్కనా అది ఇప్పటికీ ఉంది. కింద సన్నటి అక్షరాల్లో ఫొటోగ్రాఫర్ పేరు ఉంటుంది.

ఆ ఫొటోగ్రాఫర్‌కి ఇప్పుడు అరవై రెండేళ్ళు. పెద్ద వీధిలో, చెప్పుల దుకాణం పైన స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు, పెళ్ళిళ్ళు, ఇవీ ఆయనకి తిండి పెట్టిన పనులు. చలికాలం ఆదివారాలు మాత్రం తనవి. ఆ రోజుల్లో ఆయన బీరువాలోంచి మీడియం ఫార్మాట్ కెమెరాని తీసేవాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని 'బండ' అనేవాళ్ళు. బరువూ అంతే, ఆకారమూ అంతే. రీలుకి పన్నెండే ఫొటోలు. కంటికి ఆనించుకుని చూసేది కాదు. స్టాండు మీద నిలబెట్టి, పైనుంచి బావిలోకి తొంగిచూసినట్టు తల వంచి చూడాలి. అందులో కుడిది ఎడమగా, ఎడమది కుడిగా కనిపిస్తుంది. అలవాటు లేనివాళ్ళు కెమెరాని ఒక పక్కకి తిప్పబోయి ఇంకో పక్కకి తిప్పుతారు.

ఈ ఏడాది చలికాలం మొదట్లో జిల్లా ప్రదర్శనశాల నుంచి ఒకావిడ స్టూడియోకి వచ్చింది. ప్రదర్శనశాలలో కొత్తగా ఫొటోలకని ఒక గది కడుతున్నారట. వంతెన ఫొటోని అందులో శాశ్వతంగా పెడతామంది.

"పెద్ద ప్రింటు ఒకటి కావాలండి. దాంతోపాటు ఆ రీలు మొత్తం చూపించే కాంటాక్టు షీటు కూడా. ఇంకా, ఆ ఫొటో ఎలా తీశారో ఒక పేజీ రాసిస్తే పక్కన పెడతాం. జనానికి అదంటే ఆసక్తి," అంది.

ఆయన పాత అట్టపెట్టె దించి, పన్నెండు చిన్న చతురస్రాలున్న కాగితం తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ సంచిలోంచి భూతద్దం తీసుకుని వంగి చూడటం మొదలుపెట్టింది. ఒక్కొక్కదాని మీదా చాలాసేపు ఆగింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు.

"ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఏం జరిగిందండి?" అంది తల ఎత్తకుండానే.

"వెలుతురు మారింది. అప్పటిదాకా మబ్బు."

"వెలుతురు సంగతి కాదండి. మొదటి ఎనిమిదింట్లోనూ వంతెన నడిమధ్యలో ఉంది. అటూ ఇటూ చెట్లు సమానంగా. చివరి మూడూ అంతే. తొమ్మిదోది మాత్రం వేరే మనిషి తీసినట్టుంది." ఆవిడ నవ్వింది. "అదే రాయండి. ఆ ఒక్క క్షణం మీకేమనిపించిందో."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన కాంటాక్టు షీటు పెట్టెలో పెట్టకుండా అలాగే కుర్చీలో కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఫొటోకి ఎవరో వస్తే వాళ్ళని రెండుసార్లు "గడ్డం ఎత్తండి" అని, అప్పటికే ఎత్తి ఉన్నారని తరవాత గమనించాడు.

తొమ్మిదోది నిజంగానే వేరే మనిషి తీసింది.

ఆ ఫొటో తీసిన ఏడాది ఆయన చెల్లెలు వాళ్ళింట్లోనే ఉండేది. భర్తతో విడిపోయి, రెండు పెట్టెలతో వచ్చింది. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో అందరూ ఆమెని పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆ ఏడాది మాత్రం గదిలోంచి బయటికి రాకుండా గోడకేసి తిరిగి పడుకునేది. ఏం చెయ్యాలో తోచక, ఒక ఆదివారం ఆయన "నాతో రా, స్టాండు మోద్దువుగాని" అన్నాడు. వచ్చింది. తరవాతి ఆదివారం ఆయన లేచేసరికే తయారై తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆయన దారిలో పనంతా చెప్పేవాడు. మంచుని చూసి లైట్ మీటరు మోసపోతుందని, అది చెప్పినట్టు తీస్తే మంచు బూడిద పోసినట్టు వస్తుందని, అందుకే రెండు మెట్లు ఎక్కువ వెలుతురు ఇవ్వాలని. చూసే అద్దం మీద ఊపిరి పడితే గడ్డకడుతుందని, తల వంచినప్పుడు పక్కకి ఊపిరి వదలాలని. చలిలో రీలు గబగబా తిప్పితే లోపల చిటపటమని మెరుపు గీతలు పడతాయని. ఆమె ఊఁ కొట్టేది. ఒక్క ప్రశ్నా వేసేది కాదు.

వంతెన దగ్గరికి వెళ్ళిన రోజు ఆయన ఎనిమిది ఫొటోలు తీశాడు. అప్పటికే కాలివేళ్ళు కొంకర్లు పోయాయి.

"కారులో కాళ్ళు కాచుకుని వస్తాను. బండని ముట్టుకోకు," అని చెప్పి వెళ్ళాడు.

అరగంట తరవాత తిరిగివస్తే ఆమె కెమెరా పక్కనే అలాగే నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా కంది ఉంది.

"ఎండ వచ్చిందన్నయ్యా. సన్నగా, వంతెన కిందనుంచి. ఒకటి నొక్కాను. తిట్టకు."

"ఒక ఫ్రేము దండగ చేశావన్నమాట," అని ఆయన నవ్వాడు. స్టాండు మీద కెమెరా పక్కకి తిరిగి ఉండటం చూసి, మళ్ళీ మధ్యకి సరిచేసి, మిగిలిన మూడూ తను తీశాడు.

మర్నాడు డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద కాంటాక్టు షీటు ట్రేలో తేలుతుంటే, తొమ్మిదో చతురస్రం మిగతా పదకొండింటినీ వెలవెలబోయేలా చేసింది. అప్పటికి ఆయన కొత్తవాడేం కాదు. పదహారేళ్ళుగా మంచుని ఫొటోలు తీస్తున్నాడు. వంతెనని అలా పక్కకి నెట్టి, అంత ఖాళీ వదిలెయ్యాలని తనకి ఎప్పుడూ తట్టలేదు. ఇకముందు తడుతుందన్న నమ్మకమూ కలగలేదు. ట్రేలోంచి కాగితం తీయడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

తరవాత బ్యాంకువాళ్ళు వచ్చి తొమ్మిదోదే ఎంచుకున్నారు. కింద ఏ పేరు వెయ్యమంటారని అడిగితే "స్టూడియో పేరు వెయ్యండి" అన్నాడు. స్టూడియోకి ఆయన పేరే. అబద్ధం ఆడలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చెల్లెలు కాలెండరు చూసి, "బాగా వచ్చిందన్నయ్యా" అని మాత్రం అంది. ఆ మాట ఆయన్ని చాలాకాలం పొడిచింది. ఆ పొడుపు తప్పించుకోడానికేమో, తరవాతి చలికాలం ఆమెని వెంట తీసుకెళ్ళలేదు.

ప్రదర్శనశాలకి ఇవ్వాల్సిన పేజీ రాయడానికి ఆయన మూడు రోజులు కూర్చున్నాడు. 'ఆ రోజు చలి విపరీతంగా ఉంది' అని రాసేవాడు. అక్కణ్ణించి కలం కదిలేది కాదు. నాలుగో కాగితం ఉండచుట్టి పడేస్తుంటే భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పెళ్ళి ఆల్బముల మీద పేజీలకి పేజీలు రాసేస్తారు. దీనికేమొచ్చింది?"

ఆవిడ ఉండచుట్టిన కాగితాలు ఏరి ఒడిలో వేసుకుంది.

"ఆ రోజు మీరు కారు గ్యారేజీలో పెడుతుంటే తను నేరుగా వంటింట్లోకి వచ్చింది," అంది. "చేతులు పొయ్యి దగ్గర కాచుకుంటూ, 'వదినా, ఎండ ఇంత సన్నగా వచ్చింది, దారం పట్టుకుని లాగినట్టు' అని చెప్పింది. ఆ ఏడాది మొత్తంలో తను నవ్వడం అప్పుడే చూశాను. కాలెండరు వచ్చాక ఆ దారం నాకూ కనిపించింది."

"అయితే నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"మీరే చెబుతారనుకున్నాను. ఒక ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. తరవాత అడిగితే మీ మొహం ఎలా అవుతుందోనని భయమేసింది. అది నా తప్పే." ఆవిడ లేచింది. "రాయలేనిది రాయడమెందుకు. వెళ్ళి తనతో మాట్లాడండి. ఫోన్లో కాదు."

చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ముందు గదిలో ఫ్రేములు అమ్ముతారు. వెనక గదిలో ఆమె అద్దాలు అరగదీస్తుంది. ఆయన వెళ్ళేసరికి చిన్న చక్రం తిరుగుతోంది, దానిమీద సన్నగా నీళ్ళు పడుతున్నాయి. ఆమె అద్దం అంచుని చక్రానికి ఆనించి, తీసి, దీపానికి ఎదురుగా పట్టి చూస్తోంది. యాభై అయిదేళ్ళు వచ్చినా కూర్చున్న తీరులో ఇప్పుడే ఎగిరిపోయేదానిలా ఉంటుంది.

"ఏంటన్నయ్యా, కళ్ళు గానీ మసకేశాయా? వదిన వంట ఉప్పగా ఉందని చెప్పడానికి ఇంత దూరం రావుగా," అంది.

"నీతో పనుండి వచ్చాను."

"కూర్చో. ఇది సగంలో ఆపితే పగులుతుంది."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు చక్రం చప్పుడుకి చెదిరిపోయాయి. చివరికి వరస లేకుండానే చెప్పేశాడు. ప్రదర్శనశాల ఆవిడ వచ్చిందని, తొమ్మిదోది వేరే మనిషి తీసినట్టుందని ఆవిడ పట్టేసిందని, తను వెలుతురు మారిందని చెప్పి తప్పించుకున్నానని. "ఆ ఫొటో నీది. నా పేరు వేసుకున్నాను. తెలిసే వేసుకున్నాను," అన్నాడు.

ఆమె చక్రం ఆపింది. అద్దాన్ని గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, మూత వేసింది.

"పేరు సంగతి నేనెప్పుడో వదిలేశాను," అంది. "కెమెరా నీది, రీలు నీది, కడిగింది నువ్వు. నొక్కింది నేనని ఊరంతా చెప్పుకుని ఏం చేస్తాను? మొదట్లో కొంచెం ఉక్రోషం వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. తరవాత పోయింది."

"మరి..."

"పోనిది ఇంకోటుంది. అడగనా?"

ఆయన తల ఊపాడు.

"మళ్ళీ చలికాలం వచ్చినప్పుడు నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

ఆయన ఆగిన చక్రం వైపు చూశాడు.

"మొదటి ఆదివారం, కారులో చోటు లేదన్నావు. వెనక సీటు ఖాళీగా ఉంది, కిటికీలోంచి చూశాను. రెండో ఆదివారం దారి బాగాలేదన్నావు. మూడో ఆదివారం నేను లేవకముందే వెళ్ళిపోయావు. నేనేదో పెద్ద తప్పు చేశాననుకున్నానన్నయ్యా. అన్నయ్య వద్దన్నా ముట్టుకున్నాను కదా, అందుకే కోపమొచ్చిందనుకున్నాను. వసంతం వచ్చేసరికి వేరే గది చూసుకున్నాను. ఉద్యోగానికి దగ్గరని చెప్పాను, నువ్వు నమ్మావు."

"నమ్మాను," అన్నాడు ఆయన. "కోపం కాదు పిచ్చుకా. కుళ్ళు. నీ ఫొటో చూసి నాకు కుళ్ళొచ్చింది. నువ్వు పక్కనుంటే మళ్ళీ నొక్కుతావని, మళ్ళీ అలాంటిది వస్తుందని భయపడ్డాను."

ఆమె అద్దం ఉన్న డబ్బాని పక్కకి జరిపింది. ముందు గదిలో ఎవరో కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ మురిసిపోతున్నారు.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నిన్ను చంపేదాన్ని," అంది. "కానీ బతికిపోయేదాన్ని. ఆ ఆదివారాలు పట్టుకునే లేచాను నేను. అవి పోయాక రెండోసారి లేవడానికి చాలా కష్టమైంది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోతే, "అలా చొక్కాతో తుడిస్తే గీతలు పడతాయి," అని లాక్కుని తనే తుడిచి ఇచ్చింది.

"ఈ ఆదివారం వస్తావా?" అన్నాడు ఆయన.

"ఇప్పుడా? మోకాళ్ళు అరిగిపోయాయి."

"బండని నేను మోస్తాను."

"నీకు నడుం నొప్పి కదా."

"ఉంటే ఉంది."

ఎక్కడికి వెళ్ళాలో ఆమే చెప్పింది. బస్సులో పనికి వచ్చేటప్పుడు రోజూ కనిపించే పాత రాతి క్వారీ. మెట్లు మెట్లుగా తవ్వి వదిలేసిన పెద్ద గొయ్యి. మంచు ఒక్కొక్క మెట్టు మీదా తెల్లగా పరుచుకుని, నిటారు గోడలు మాత్రం నల్లగా మిగిలాయి. పొద్దున్నే చేరుకున్నారు. అంచున గాలి కోసేస్తోంది.

ఆయన స్టాండు పాతి, కెమెరాలో రీలు ఎక్కించాడు. చలికి ఫిల్మ్ పెళుసెక్కుతుందని ఊళ్ళో కుర్రాళ్ళందరికీ పాఠం చెప్పే మనిషి, ఆ రోజు రీలు తిప్పే పిడిని ఒక్క విసురుతో తిప్పాడు. లోపల టప్‌మని చప్పుడైంది. పిడి వదులుగా తిరగడం మొదలుపెట్టింది.

"తెగిపోయిందా?" అంది ఆమె.

"తెగిపోయింది."

"మెల్లగా తిప్పాలని నాకెవరో చెప్పినట్టు గుర్తు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన జేబులోంచి రెండో రీలు తీసి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె చేతి తొడుగులు తీసేసి, అద్దాలు అరగదీసే వేళ్ళతో, తొందరపడకుండా ఎక్కించింది. తల వంచి లోపలికి చూసింది. కెమెరాని కుడికి తిప్పబోయి ఎడమకి తిప్పి, తనలో తను విసుక్కుని, మళ్ళీ సరిచేసుకుంది.

ఆ తరవాత ఆయన చెయ్యాల్సింది ఒక్కటే, నోరు మెదపకుండా ఉండటం. అంత కష్టమని ఆయన అనుకోలేదు. గొయ్యి అడుగున పొగమంచు సుడి తిరిగింది. ఇప్పుడు నొక్కాలి అనుకున్నాడు. ఆమె నొక్కలేదు. అవతలి గోడ మీద వెలుతురు పడింది. ఇప్పుడైనా నొక్కాలి కదా అనుకున్నాడు. ఆమె చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. గంటన్నర గడిచింది.

"దేనికోసం చూస్తున్నావు?" అన్నాడు ఇక ఉండబట్టలేక.

"ఏమో. ఇంకా నచ్చలేదు."

ఆయన ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు. ఆమె మూత పట్టుకుని తాగుతూ గొయ్యి వైపే చూస్తోంది. ఆమె చూస్తున్నవైపు ఆయనా చూశాడు. తను చూస్తే మెట్లూ గోడలూ కనిపిస్తున్నాయి. ఆమెకి ఏం కనిపిస్తోందో తెలియలేదు. తెలియకపోవడం ఇన్నేళ్ళకి మొదటిసారి ఆయన్ని బాధించలేదు.

ఆ రోజు ఆమె అయిదు ఫొటోలు తీసింది. కారెక్కే ముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా ముడివేశారు. చలిలోంచి ఒక్కసారిగా వెచ్చదనంలోకి వస్తే లోపలంతా చెమ్మ పడుతుంది. దారిలో ఆమె ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ కలిసి రీలు కడిగారు. అయిదింట్లో ఒకదాని మీద మెరుపు గీతలు పడ్డాయి. రెండు కదిలిపోయాయి. మిగిలిన రెండూ పరవాలేదు.

"ఏదీ బాగాలేదు కదూ?" అంది ఆమె, తడి ఫిల్మ్‌ని దీపానికి ఎదురుగా పట్టుకుని.

"బాగాలేదు," అన్నాడు ఆయన.

"వచ్చే ఆదివారం పొగమంచు ఉంటుందన్నారు రేడియోలో."

"ఆరింటికి వస్తాను."

ప్రదర్శనశాల వ్యవహారం అంత తేలిగ్గా తెగలేదు. ఆయన పేజీ రాసిచ్చాడు. చలి గురించి ఒక్క వాక్యం, మిగిలినదంతా చెల్లెలి గురించి. ఆ ఆవిడ చదివి ఊరుకుంది కానీ, పైవాళ్ళు తటపటాయించారు. అచ్చయిన పేరు మార్చడమంటే మాటలా అన్నారు. ఇద్దరి సంతకాలతో కాగితం అడిగారు. చెల్లెలు "ఇదంతా నాకెందుకన్నయ్యా" అని రెండు వారాలు సంతకం పెట్టలేదు. చివరికి వదిన వెళ్ళి, "నీకోసం కాదు, ఆయన నిద్రపోవడం కోసం పెట్టు" అంటే పెట్టింది.

ఊళ్ళో మాటలు పుట్టాయి. ఇన్నేళ్ళూ చెల్లెలి సొమ్ము తన పేరున చలామణీ చేశాడని కొందరు, ముసలితనంలో మంచివాడనిపించుకోడానికి వేషమని కొందరు. ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ఆ బొమ్మకి ఎప్పుడో ఇచ్చిన జ్ఞాపికని ఆయనే తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చాడు. సంఘం కార్యదర్శి దాన్ని తీసుకోవాలో వద్దో తెలియక అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు స్కూళ్ళు గ్రూపు ఫొటోలకి ఇంకో స్టూడియో చూసుకున్నాయి. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళకి మాత్రం, "తీసింది మా చెల్లెలు. ప్రింటు వేసింది నేను," అని చెప్పేవాడు. మొదటి నాలుగైదుసార్లు ఆ మాట సగంలో తడబడింది. తరవాత ఊరి పేరు చెప్పినంత మామూలుగా వచ్చేది.

గది తెరిచిన రోజు ముగ్గురూ వెళ్ళారు. ఫొటో గోడ మీద మనిషంత ఎత్తున ఉంది. దాని కింద ఆమె పేరు, ఆ కింద చిన్నగా ప్రింటు వేసినవాడి పేరు. ఆమె తన పేరు వైపు చూడనేలేదు. బొమ్మకి దగ్గరగా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ దగ్గరికి వెళ్ళింది. అంత పెద్దగా దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పై మూల కొంచెం నల్లగా వచ్చిందన్నయ్యా," అంది.

"కావాలనే అలా వేశాను. లేకపోతే చూపు అటు జారిపోతుంది."

"జారిపోనియ్యి. జారిపోవాలనే కదా అంత ఖాళీ వదిలింది."

"అది నీకు తెలుసు. చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"వాళ్ళకేం, కళ్ళు లేవా?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. వదిన ఇద్దరి మోచేతులూ పట్టుకుని, "ఇంటికెళ్ళాక కొట్టుకోండి, ఇక్కడ పరువు తీయకండి," అని తలుపు వైపు నడిపించింది. మెట్లు దిగుతూ ఆయన, ఆ మూలని తేలికచేసి ఇంకో ప్రింటు వేసి చూపిస్తానని, అప్పుడు తనే ఒప్పుకుంటుందని అంటున్నాడు. ఒప్పుకోనని ఆమె అంటోంది.